వెనక స్పీకర్లు మోగట్లేదా? హోమ్ థియేటర్‌లో ఏ మోడ్ ఎప్పుడు పెట్టాలి

"అన్నా, వెనక స్పీకర్లు మోగట్లేదు, పోయాయంటావా?" ఇదొక ప్రశ్న. "రిమోట్లో మోడ్ బటన్ నొక్కుతుంటే ఏవేవో పేర్లొస్తున్నాయి, ఏది పెట్టాలి?" ఇది రెండోది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, ఈ ఒడిశా బోర్డర్ వైపు ఎట్నుంచి అడిగినా తిరిగి తిరిగి ఈ రెండు దగ్గరికే వస్తున్నారు కాబట్టి మొత్తం ఒక్కచోట రాసేస్తున్నా. వరసలో చెయ్యండి. మధ్యలోంచి మొదలెడితే మళ్ళీ మొదటికే రావాలి.

థియరీ ఒక్క ముక్కే చెప్తా. మీ సెట్ లోపలికి ఎన్ని చానెళ్ళ సౌండ్ (ఒక్కో స్పీకర్ కోసం విడిగా ఉండేది ఒక్కో చానెల్) వస్తోంది అన్నది ఒక సంగతి, వచ్చినదాన్ని ఉన్న స్పీకర్లకి ఎలా పంచాలి అన్నది ఇంకో సంగతి. మోడ్ బటన్ చేసేది ఈ రెండో పని మాత్రమే. లోపలికి రెండు చానెళ్ళే వస్తుంటే మీరు మోడ్ ఎన్నిసార్లు మార్చినా అసలైన 5.1 (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్, ఆరింటికీ విడి సౌండ్) రాదు, కాబట్టి మోడ్ సంగతి చివర్న, ముందు లోపలికి ఏమొస్తోందో చూడాలి. జనం సరిగ్గా దీన్నే తిరగేసి చేస్తారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ రిసీవర్ (సౌండ్ తీసుకుని స్పీకర్లకి పంచే పెట్టె) గానీ, హోమ్ థియేటర్ సెట్ గానీ, దాని రిమోట్, టీవీ రిమోట్
- హెచ్‌డీఎంఐ కేబుల్ (లేదంటే ఆప్టికల్ కేబుల్)
- కొలత టేపు
- ఫోన్లో సౌండ్ లెవెల్ చూపించే యాప్ ఏదైనా, ఫ్రీది చాలు
- టార్చ్, ఎందుకంటే సెట్ వెనకాల చూడాలి, అక్కడ ఎప్పుడూ చీకటే
- ఫ్యాన్ ఆపినా ఇంట్లోవాళ్ళు తిట్టని ఒక అరగంట

1. ముందు సెట్ వెనకాల చూడండి

టార్చ్ వేసి చూడండి. హెచ్‌డీఎంఐ ఆర్క్ (టీవీ సౌండ్ సెట్‌కి వచ్చే దారి) అని రాసున్న సాకెట్ ఉందా? లేదా చిన్న చదరపు ఆప్టికల్ సాకెట్ ఉందా? ముందు ప్యానెల్ మీద డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ (5.1 సౌండ్‌ని ప్యాక్ చేసి పంపే రకాలు) గుర్తు ఉందా? సాకెట్‌తో పాటు ఆ గుర్తు కూడా ఉంటే మీ సెట్లో డీకోడర్ (ప్యాక్ చేసిన సౌండ్‌ని చానెళ్ళుగా విడదీసేది) ఉన్నట్టే, రెండో అంకెకి వెళ్ళిపోండి.

ఇవేవీ లేకుండా యూఎస్‌బీ, బ్లూటూత్, ఎఫ్ఎం, ఎర్ర తెల్ల పిన్నులు మాత్రమే ఉండి, పెట్టె మీద పెద్దక్షరాలతో 5.1 అని ఉంటే, కొంచెం చేదుగా ఉన్నా చెప్పక తప్పదు, అందులో ఆరు స్పీకర్లు ఉన్నాయి గానీ ఐదు రకాల సౌండ్లు విడదీసే సరుకు లేదు. ఎడమ కుడి సౌండ్‌నే అటూ ఇటూ కలిపి అన్నిటికీ పంచుతుంది. పాటలకి బాగానే ఉంటుంది, పండక్కి వీధంతా వినపడుతుంది, సరౌండ్ మాత్రం కాదు. బ్లూటూత్‌లో అయితే ఏ సెట్‌కైనా మామూలుగా వచ్చేది రెండు చానెళ్ళే.

దానికి దారి లేకపోలేదు. సెట్ వెనక ఆరు పిన్నుల ఇన్‌పుట్ (ఫ్రంట్, సరౌండ్, సెంటర్, సబ్ అని విడివిడిగా) ఉంటే బయట దొరికే 5.1 డీకోడర్ బాక్స్ ఒకటి కొని టీవీ ఆప్టికల్‌ని దానికి, దాని ఆరు పిన్నుల్ని సెట్‌కి కలిపితే నిజమైన 5.1 వస్తుంది. ఆంప్లిఫయర్లు అసెంబుల్ చేసే షాపువాళ్ళని అడగండి, వాళ్ళకి ఇది రోజువారీ పనే. ఆరు పిన్నుల ఇన్‌పుట్ కూడా లేకపోతే ఆ సెట్ మీద ఇంక డబ్బు పెట్టొద్దు.

2. స్పీకర్లు ఎక్కడ పెట్టాలి

పవర్ ఆపండి. ఆపి ప్లగ్ కూడా పీకండి, తర్వాతే వైర్లు ముట్టుకోండి. వైరు చివర పోచలు మెలితిప్పి పెట్టండి, ఒక్క పోచ పక్క టెర్మినల్‌కి తగిలినా సెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్ళి ఆగిపోతుంది, ఖర్మ బాగాలేకపోతే లోపలి ఐసీ (చిప్) పోతుంది. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. ఒక్క స్పీకర్ తిరగబడినా బేస్ పల్చబడిపోయి, గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలీనట్టు ఉంటుంది, చాలామంది దాన్నే సరౌండ్ అనుకుని సంతోషపడుతుంటారు.

మీరు కూర్చునే చోటు నుంచి టీవీ 8 అడుగులు ఉంటే ముందు రెండు స్పీకర్ల మధ్య కూడా ఇంచుమించు 8 అడుగులు ఉండాలి, ఆరున్నర వరకు తగ్గినా నడుస్తుంది. సెంటర్ స్పీకర్ టీవీ కిందో పైనో, మొహం మీ చెవి వైపు ఉండేలా. టీవీ స్టాండ్ అరలో బాగా లోపలికి తోసేస్తే డైలాగులు కుండలోంచి వచ్చినట్టు వస్తాయి, అర అంచు దాకా ముందుకి లాగండి. వెనక స్పీకర్లు అంటాం గానీ 5.1లో అవి వీపు వెనక ఉండాల్సినవి కావు, మీ రెండు పక్కలా, కొంచెం వెనక్కి, లెక్క ప్రకారం 110 నుంచి 120 డిగ్రీలు, కూర్చున్నప్పుడు చెవి కన్నా రెండడుగుల ఎత్తులో.

ఇక్కడే మన ఇళ్ళతో చిక్కు. బరంపురం పాత వీధుల్లో ఇల్లు పొడుగ్గా సన్నగా ఉంటుంది, సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంటుంది, ఒక పక్క గోడ ఉంటే రెండో పక్క లోపలికి వెళ్ళే దారి. అలాంటప్పుడు పక్క గోడకి ఒకటి మేకేసి, దారి ఉన్న వైపు ద్వారబంధం పైన రెండోది పెట్టండి, ఎత్తు రెండిటికీ ఒకేలా ఉండాలి. సోఫాని గోడ నుంచి ఒక్క అడుగు ముందుకి లాగగలిగితే తేడా మీకే తెలుస్తుంది. రెండూ కుదరకపోతే వెనక గోడకే పెట్టి, మొహాలు సూటిగా మీ తల మీదకి కాకుండా కొంచెం లోపలికి తిప్పండి. గడప మీదుగా వైరు లాగితే నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు తన్నుకుని పడతారు, పైనుంచి తిప్పుకురండి.

ఇంకో మాట, మోడ్‌లకి సంబంధం లేదు గానీ చెప్తా. చైత్రం, వైశాఖాల్లో మన వైపు సాయంత్రం ఉరుములు మొదలయ్యాయంటే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ పీకండి, డిష్ కేబుల్ కూడా పీకండి. ఉరుములొస్తున్నప్పుడు కాదు, మబ్బు పట్టగానే. పిడుగు పక్కవీధిలో పడినా ఆ కేబుల్లోంచి వచ్చి హెచ్‌డీఎంఐ పోర్టులు తినేస్తుంది.

3. సెట్ మెనూలో మూడు సంగతులు

రిసీవర్‌తో పాటు చిన్న మైక్ ఇచ్చుంటే (డెనాన్‌లో ఆడిస్సీ, యమహాలో వైపీఏఓ, సోనీలో డీసీఏసీ అని పేర్లు) దాన్ని మీరు కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో పెట్టి నడిపించండి. ఫ్యాన్ ఆపాలి, కుక్కర్ ఉండకూడదు, మీరు గదిలోంచి బయటికి వెళ్ళాలి. మైక్‌ని సోఫా సీటు మీద పడేసి నడిపేవాళ్ళున్నారు, అలా చేస్తే కొలిచేది సీటుకి వినపడే సౌండ్‌ని, మీకు కాదు.

మైక్ లేకపోతే చేత్తో:

సైజు: స్పీకర్లన్నీ స్మాల్ అని పెట్టండి, క్రాసోవర్ (ఎక్కణ్ణుంచి కింది బేస్‌ని సబ్‌వూఫర్‌కి మళ్ళించాలో చెప్పే అంకె) 80 హెర్ట్జ్. అరచేయంత చిన్న స్పీకర్లయితే 120, 150 దాకా పెంచొచ్చు. పెద్ద డబ్బా స్పీకర్లున్నాయని గొప్పకి లార్జ్ పెట్టొద్దు, బేస్ బరువంతా వాటి మీద పడుతుంది, సబ్‌వూఫర్ ఖాళీగా కూర్చుంటుంది. సబ్‌వూఫర్ మీదే ఇంకో క్రాసోవర్ నాబ్ ఉంటే దాన్ని పూర్తిగా పైకి తిప్పేసి వదిలెయ్యండి, లేకపోతే రెండు చోట్ల కోత పడుతుంది.

దూరం: ప్రతి స్పీకర్ నుంచి మీ చెవి దాకా టేపు పెట్టి కొలిచి ఎక్కించండి. సౌండ్ ఒక అడుగు రావడానికి ఇంచుమించు ఒక మిల్లీసెకను పడుతుంది, దగ్గరున్న స్పీకర్‌ని సెట్ ఆ మేరకి ఆపి మోగిస్తుంది. మెనూ మీటర్లలో ఉందో అడుగుల్లో ఉందో చూసుకోండి. 9 అడుగులని 9 అని కొడితే, అది మీటర్లయితే, ఆ స్పీకర్ 30 అడుగుల అవతల ఉందనుకుని సెట్ లెక్కలేస్తుంది. ఈ తప్పు నేను వెళ్ళి చూసిన ఇళ్ళలో చాలా మామూలు.

లెవెల్: టెస్ట్ టోన్ పెట్టండి, ఒక్కో స్పీకర్ నుంచి బుస్సుమని వస్తుంది. ఫోన్ మీ చెవి ఎత్తులో పట్టుకుని యాప్‌లో అంకె చూడండి. 75 డెసిబెల్స్ రావాలని పుస్తకం చెప్తుంది, ఫోన్ చూపించే అంకె అంత కచ్చితం కాదు, కాకపోయినా పర్లేదు, ఐదు స్పీకర్లకీ ఒకే అంకె వస్తే చాలు. ఎడమ పక్కది 71, కుడి పక్కది 75 ఉంటే ఎడమదాన్ని మెనూలో 4 పెంచండి. సబ్‌వూఫర్‌కి ఫోన్ మైక్‌ని నమ్మొద్దు, దాన్ని చెవితో సరిచేసుకోండి.

టెస్ట్ టోన్‌లో వెనక స్పీకర్ మోగిందా? మోగితే స్పీకరూ వైరూ బాగున్నట్టే, "పోయాయేమో" అన్న ప్రశ్న ఇక్కడితో అయిపోయింది. మోగకపోతే దాని వైరు పీకి ముందు స్పీకర్ టెర్మినల్‌కి కలిపి చూడండి, అక్కడ మోగితే తేడా సెట్లో, మోగకపోతే వైరులోనో స్పీకర్లోనో.

4. టీవీ సౌండ్ సెట్టింగ్

చాలామందికి దెబ్బ పడేది ఇక్కడే. టీవీలో సెట్టింగ్స్, సౌండ్, డిజిటల్ అవుట్‌పుట్ అని ఉంటుంది (పేరు కంపెనీని బట్టి మారుతుంది). అందులో పీసీఎం అని ఉంటే ఆర్క్ లోంచి, ఆప్టికల్ లోంచి బయటికొచ్చేది రెండు చానెళ్ళే. దాన్ని ఆటో అనో, పాస్‌త్రూ అనో, బిట్‌స్ట్రీమ్ అనో మార్చండి. కొన్ని టీవీలు పెట్టె విప్పగానే పీసీఎంలోనే ఉంటాయి.

హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీలో ఏ పోర్టుకి పెట్టారో కూడా చూడండి. మూడు పోర్టులుంటే వాటిలో ఒక్కదాని మీదే ఆర్క్ అని రాసుంటుంది, వేరేదానికి పెడితే సౌండ్ వెనక్కి రాదు. టీవీలో హెచ్‌డీఎంఐ కంట్రోల్ లేదా సీఈసీ అన్నది ఆన్‌లో ఉండాలి.

ఆప్టికల్‌లో డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 దాకా వస్తాయి, అంతకు మించి రావు. ఆర్క్‌లో డాల్బీ డిజిటల్ ప్లస్ కూడా వస్తుంది, టీవీ ఒప్పుకుంటే దాని మీదే అట్మాస్ (పైనుంచి కూడా సౌండ్ వచ్చే డాల్బీ రకం) కూడా వస్తుంది. బ్లూరేలో ఉండే పెద్ద ఫార్మాట్లు పూర్తిగా రావాలంటే ఈఆర్క్ (ఆర్క్‌లో కొత్త రకం) కావాలి, లేదా ప్లేయర్‌ని టీవీకి కాకుండా నేరుగా రిసీవర్‌కి పెట్టుకోవాలి. కొన్ని టీవీలు డీటీఎస్‌ని అసలు బయటికి పంపవు. పెన్‌డ్రైవ్‌లో సినిమా పెడితే బొమ్మ ఆడి సౌండ్ రాకపోతే కారణం అదే కావచ్చు, సెట్‌ని అనుమానించొద్దు.

డీటీహెచ్ బాక్స్ ఉన్నవాళ్ళు బాక్స్ మెనూలో కూడా ఆడియోని డాల్బీకి మార్చుకోవాలి. అయినా చాలా టీవీ చానెళ్ళు వచ్చేది స్టీరియోలోనే.

5. సినిమా భాష మారిస్తే సౌండ్ కూడా మారుతుంది

మన బోర్డర్ ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. పెద్దవాళ్ళకి తెలుగు కావాలి, పిల్లలు స్కూల్లో ఒడియా హిందీ కాబట్టి హిందీ పెట్టమంటారు, సినిమా మధ్యలో భాష రెండుసార్లు మారుతుంది. ఓటీటీ యాప్‌లో ఆడియో లిస్టు తెరిచి జాగ్రత్తగా చదవండి. ఒక భాష పక్కన 5.1 అని ఉంటుంది, ఇంకో భాష పక్కన ఏమీ ఉండదు. ఏమీ లేనిది రెండు చానెళ్ళది. డబ్బింగ్ సినిమాల్లో అసలు భాషకి 5.1 ఇచ్చి తెలుగుకి స్టీరియో ఇచ్చినవి బోలెడు, దానికి తిరగబడ్డవీ ఉన్నాయి. నిన్న అదిరింది, ఇవాళ అదే సినిమా చప్పగా ఉంది అంటే ముందు భాష చూడండి.

నెట్ స్లోగా ఉన్నా కొన్ని యాప్‌లు సౌండ్‌ని తగ్గిస్తాయి. సినిమా మొదలై రెండు నిమిషాలయ్యాక చెక్ చెయ్యండి, మొదలవగానే కాదు.

యూట్యూబ్‌లో "5.1 స్పీకర్ టెస్ట్" అని పెట్టిన వీడియోలతో టెస్ట్ చెయ్యొద్దు. వాటిలో చాలావాటికి లోపలున్నది స్టీరియోనే. వెనక ఎడమ అని వీడియోలో బొమ్మ వెలుగుతుంది, సౌండ్ ముందు ఎడమలోంచి వస్తుంది, మీరేమో స్పీకర్లు పోయాయని షాపుకి మోసుకుపోతారు.

6. ఇప్పుడు డిస్‌ప్లే చదవండి

సినిమా ఆడుతుండగా రిసీవర్ మీద ఇన్ఫో లేదా స్టేటస్ బటన్ నొక్కండి. అక్కడ రెండు సంగతులుంటాయి. ఒకటి లోపలికి వచ్చేది, డాల్బీ డిజిటల్, 3/2.1 (ముందు మూడు, పక్కల రెండు, సబ్ ఒకటి) అనో 5.1 అనో, లేకపోతే పీసీఎం 2.0 అనో. రెండోది మీరు పెట్టిన మోడ్. కొన్నిట్లో ఎల్, సీ, ఆర్, ఎస్ఎల్, ఎస్ఆర్, ఎల్ఎఫ్ఈ (ఎడమ, సెంటర్, కుడి, ఎడమ సరౌండ్, కుడి సరౌండ్, సబ్) అని చిన్న గడులు వెలుగుతాయి, లోపలికి వచ్చిన చానెళ్ళవే వెలుగుతాయి. ఎల్, ఆర్ రెండే వెలుగుతుంటే నాలుగు, ఐదు అంకెలకి వెనక్కి వెళ్ళండి, ఆ ట్రాకే స్టీరియోది అని తేలేదాకా మోడ్ బటన్ జోలికి పోవద్దు. ఆరూ వెలుగుతుంటే సగం యుద్ధం గెలిచినట్టే, ముందుకి రండి.

7. మోడ్ పెట్టడం

పేర్లు ఎన్నున్నా గుంపులు నాలుగే.

ఉన్నదున్నట్టు మోగించేవి: ఆటో, డైరెక్ట్, యమహాలో స్ట్రెయిట్, సోనీలో ఏఎఫ్‌డీ. లోపలికి 5.1 వస్తుంటే ఇదే పెట్టండి, ఇంకేం వెతకొద్దు. సినిమాకి మిక్సింగ్ చేసినవాడు కారు ఎడమ వెనక నుంచి రావాలనుకుంటే అక్కణ్ణుంచే వస్తుంది. ప్యూర్ డైరెక్ట్ అని వేరే ఉంటే జాగ్రత్త, అది బేస్ ట్రెబుల్ సెట్టింగులన్నీ పక్కన పెట్టేస్తుంది, కొన్ని సెట్లలో పాటలు పెడితే సబ్‌వూఫర్ కూడా ఊరుకుంటుంది.

రెండుని ఐదు చేసేవి: డాల్బీ సరౌండ్, పాత సెట్లలో ప్రోలాజిక్ 2, డీటీఎస్ వైపు నియో 6, న్యూరల్ ఎక్స్. స్టీరియోలో ఉన్న తెలుగు ట్రాక్, పాత సినిమాలు, సీరియళ్ళు, కేబుల్ చానెళ్ళు వీటికి ఇవి. డైలాగ్‌ని పట్టుకుని సెంటర్‌కి తెస్తాయి, గాలీ వానా జనం గోల లాంటివి పక్కలకి పంపుతాయి. ఊహించి చేసే పనే, అయినా డబ్బింగ్ సినిమాలకి నేను ఇవే పెడతాను, గొంతు టీవీ దగ్గరే నిలబడుతుంది. ప్రోలాజిక్ 2లో మూవీ, మ్యూజిక్ లాంటివి ఉంటాయి, సినిమాకి మూవీ పెట్టండి.

అన్నిట్లో ఒకటే మోగించేవి: ఆల్ చానెల్ స్టీరియో, మల్టీ చానెల్ స్టీరియో, సోనీలో మల్టీ స్టీరియో, పయనీర్‌లో ఎక్స్‌టెండెడ్ స్టీరియో. జనం మోజు పడేది దీనికే, ఎందుకంటే వెనక స్పీకర్లు ఆగకుండా మోగుతుంటాయి, పెట్టిన డబ్బుకి న్యాయం జరిగినట్టుంటుంది. ఇంట్లో ఫంక్షన్, నలుగురూ నాలుగు గదుల్లో తిరుగుతూ పాటలు వినడం, దానికి బ్రహ్మాండం. సినిమాకి పెడితే మాత్రం మాట్లాడేవాడు ఎదురుగా ఉంటాడు, గొంతు మీ నెత్తి వెనక నుంచి కూడా వస్తుంది.

గది వేషం వేసేవి: హాల్, స్టేడియం, చర్చ్, రాక్ లాంటివి. ప్రతిధ్వని కలుపుతాయి. క్రికెట్‌కి స్టేడియం పెడితే జనం గోల బాగుంటుంది గానీ కామెంటరీ ముద్దయిపోతుంది. సిమెంటు గచ్చు, ఖాళీ గోడలు ఉన్న మన హాల్లో ప్రతిధ్వని ముందే ఉంది, మళ్ళీ కలపడమెందుకు? దాని బదులు ఓ మందపాటి పరదా కొనుక్కోండి.

పాటలు శ్రద్ధగా వినడానికి మామూలు స్టీరియో, అంతే. ఘంటసాలని ఐదు స్పీకర్లకి పంచాల్సిన అవసరం లేదు.

రాత్రిపూట పిల్లలు పడుకున్నాక చూసేవాళ్ళకి నైట్ మోడ్ లేదా డీఆర్‌సీ అని వేరే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని చాలా మోడ్‌ల మీద పెట్టుకోవచ్చు, పెద్ద సౌండ్లు తగ్గించి చిన్నవి పెంచుతుంది. పొద్దున్న తీసెయ్యడం మర్చిపోతే మాత్రం ఫైట్లు చప్పగా ఉంటాయి. డైలాగ్ సరిగా వినపడక మాటిమాటికీ వాల్యూమ్ పెంచుతున్నారా, మోడ్ మార్చకుండా సెంటర్ లెవెల్ 2 పెంచి చూడండి.

8. చెవితో చెక్

5.1 సినిమా పెట్టి, లేచి వెళ్ళి వెనక స్పీకర్‌కి చెవి ఆనించండి. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్ రావాలి. ఆ స్పీకర్లోంచి మాటలు స్పష్టంగా వినపడితే మీరింకా ఆల్ చానెల్ లోనే ఉన్నారు. ఏమీ వినపడకపోయినా, ఎక్కడో పిట్ట కూత, పల్చగా మ్యూజిక్ వినపడినా అది కరెక్ట్. కంగారు పడి లెవెల్ పెంచెయ్యకండి, సీన్ మారి వాన పడ్డప్పుడో, గొడవ జరిగినప్పుడో, ఇంటర్వెల్ ముందు బీజీఎం ఎత్తుకున్నప్పుడో అదే మోగుతుంది. సినిమా మొత్తం మీద వెనక స్పీకర్లు ఊరుకునే టైమే ఎక్కువ.

తర్వాత మీ సీట్లోకొచ్చి కళ్ళు మూసుకుని డైలాగ్ ఎక్కణ్ణుంచి వస్తోందో వేలు చూపించండి. వేలు టీవీ మధ్యకి చూపించాలి. ఎడమకి పోతే లెవెల్స్ తేడా, అసలు చూపించలేకపోతే ఏదో ఒక వైరు ఎరుపు నలుపు తిరగబడి ఉండొచ్చు.

పెదాలకీ మాటకీ పొంతన లేకపోతే ఆడియో డిలే లేదా లిప్ సింక్ అన్న సెట్టింగ్ మార్చండి. మాట ముందొస్తుంటే డిలే పెంచాలి. మాట వెనకబడి వస్తుంటే డిలే సున్నా చెయ్యండి.

చివరిగా, చాలా రిసీవర్లు ఒక్కో ఇన్‌పుట్‌కి ఒక్కో మోడ్ గుర్తుపెట్టుకుంటాయి. టీవీకి పెట్టిన మోడ్ డీటీహెచ్‌కి వర్తించదు, అక్కడ మళ్ళీ పెట్టుకోవాలి. చవక సెట్లయితే కరెంటు పోయి వస్తే చాలు, అన్నీ మర్చిపోయి బ్లూటూత్‌లో లేచి కూర్చుంటాయి. మన కరెంటు సంగతి తెలిసిందే కదా, లెవెల్సూ దూరాలూ ఒక కాగితం మీద రాసి సెట్ పక్కన అతికించండి, లేదా మెనూ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి.